నాన్న చూపు తగ్గలేదు, తేడా అంతా ఆ హెచ్‌డీఆర్ స్టిక్కరులోనే ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఖమ్మంలో ఉంటాను, స్కూల్ టీచర్‌ని. టీవీల గురించి పేపరుకి ఉత్తరం రాసే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. కానీ మా ఇంట్లో జరిగింది ఇంకా చాలా ఇళ్ళల్లో జరుగుతూ ఉండాలి, వాళ్ళకి కారణం తెలియక ఊరుకుంటూ ఉండాలి అనిపించి రాస్తున్నాను.

2025 దసరాకి కొత్త టీవీ కొన్నాం. 32 అంగుళాలు దాటిన టీవీల మీద ఆ సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం ఉన్నది 18 అయింది కదా, ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న పని కానిచ్చేద్దాం అనుకున్నాం. 43 అంగుళాల 4కే స్మార్ట్ టీవీ. అట్టపెట్టె మీద ఇంద్రధనుస్సు రంగుల్లో అరచేతి అంత స్టిక్కరు, దాని మీద హెచ్‌డీఆర్ అని. హై డైనమిక్ రేంజ్ అన్నమాట, బాగా వెలుగూ బాగా చీకటీ ఒకే బొమ్మలో చూపించే పద్ధతి. ఈ టీవీ కొన్నది మా నాన్నగారి కోసం. ఆయనకి 74 ఏళ్ళు, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది, మోకాళ్ళ నొప్పుల వల్ల బయటికి వెళ్ళడం తగ్గిపోయింది, రోజులో ఎక్కువసేపు హాల్లో టీవీ ముందే గడుస్తుంది. పాతది 32 అంగుళాలది, పదేళ్ళు పనిచేసి పోయింది.

మొదటి వారం కేబుల్ చానళ్ళు చూశారు, బొమ్మ బాగుందన్నారు. తర్వాత ఒక రాత్రి నేనే ఓటీటీలో ఒక సిరీస్ పెట్టాను. పల్లెటూరి కథ. రాత్రిపూట ఇల్లు, గూట్లో దీపం, నులకమంచం మీద ఒక ముసలావిడ కూర్చుని మాట్లాడుతోంది. దీపం కనపడింది. ఆవిడ మొహం కనపడలేదు, మాట మాత్రం వినపడుతోంది. నాన్న కళ్ళజోడు తీసి కండువా కొసతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కాసేపటికి 'ట్యూబులైటు ఆర్పమ్మా' అన్నారు, ఆర్పాను. కుర్చీ రెండడుగులు ముందుకి జరుపుకున్నారు. మర్నాడు పగలు పెడితే ఇంకా ఘోరం, కిటికీ తెరలు వేసినా సరే టీవీలో మా హాలూ మా కుర్చీలూ మేమూ కనపడుతున్నాం గానీ సీను కనపడట్లేదు. మూడో రోజు ఆయన టీవీని ఏమీ అనలేదు. 'నా చూపు మళ్ళీ తగ్గుతున్నట్టుంది, ఓసారి డాక్టరుకి చూపిద్దామా' అన్నారు.

తీసుకెళ్ళాం. ఒక పూట సెలవు పెట్టాను. చుక్కల మందు వేసి, కూర్చోబెట్టి, చార్టు చదివిస్తే కింద నుంచి రెండో లైను దాకా తడుముకోకుండా చదివారు. కళ్ళు బాగున్నాయన్నారు డాక్టరు గారు. నాన్నకి నమ్మకం కుదరలేదు, అద్దాల నంబరు మారిందేమోనని కళ్ళజోళ్ళ షాపుకి కూడా వెళ్ళొచ్చాం. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఇక్కడే. ఆ పెద్దాయన ముందు తన కళ్ళనే అనుమానించాడు. అంత పెద్ద స్టిక్కరు ఉన్న కొత్త వస్తువు తప్పు చేస్తుందని ఆయనకి తట్టలేదు, నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

మా వీధిలో టీవీలు బాగుచేసే ఒకాయన ఉన్నారు, పిక్చర్ ట్యూబుల కాలం నుంచి అదే పని. ఆయన్ని పిలిచాను. వచ్చి పది నిమిషాలు ఏమీ విప్పకుండా కూర్చుని చూశారు. అదే సిరీస్ నా ఫోనులో పెట్టమన్నారు, ముసలావిడ మొహం మీద ముడతలతో సహా కనపడింది. టీవీలో కేబుల్ చానల్ పెట్టారు, వెలుతురుగా ఉంది. మళ్ళీ ఓటీటీకి వచ్చి సీను మొదలుపెడుతూ 'ఇప్పుడు ఈ మూల చూడండి అక్కా' అన్నారు. తెర పైన ఒక మూల హెచ్‌డీఆర్ అని చిన్న గుర్తు రెండు క్షణాలు కనపడి పోయింది, అది వచ్చిన క్షణంలోనే తెర మొత్తం ఒక మెట్టు దిగినట్టు మసకేసింది. ఇన్ని రోజులు ఆ గుర్తు మేం చూస్తూనే ఉన్నాం, అదేదో గొప్ప అనుకున్నాం. ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది: 'ఈ టీవీకి హెచ్‌డీఆర్ అర్థమవుతుంది అక్కా, చూపించడం చేతకాదు.'

ఆ తర్వాత నేను కూర్చుని చదివాను. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి అంకెలు చూస్తే గానీ మనసు ఒప్పదు. తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. ఇన్నాళ్ళూ మనం చూస్తూ వచ్చిన మామూలు వీడియోని స్టూడియోల్లో 100 నిట్స్ తెర మీద చూసుకుంటూ తయారుచేస్తారు. ఇంట్లో టీవీ 250 నిట్స్ ఇవ్వగలదనుకోండి, అది ఆ 100ని సాగదీసి 250కి తెచ్చి చూపిస్తుంది, అందుకే ట్యూబులైటు వెలుగులో కూడా ఇబ్బంది ఉండదు. హెచ్‌డీఆర్ లెక్క అది కాదు. తెర మీద ఏ చుక్క ఎన్ని నిట్స్ వెలగాలో ఆ అంకె వీడియోలోనే రాసి వస్తుంది. 2014లో ప్రమాణంగా వచ్చిన పీక్యూ అనే పద్ధతి ఇది, ఇందులో 10,000 నిట్స్ దాకా రాసుకోవచ్చు. సినిమాలు, సిరీస్‌లు ఎక్కువగా 1,000 నిట్స్ లెక్కన, కొన్ని 4,000 లెక్కన తయారవుతాయి.

పెరట్లో ఎండలో తోమి బోర్లించిన ఇత్తడి బిందె ఉందనుకోండి, దాని అంచు మీద మెరుపు 1,000 దగ్గర ఉంటుంది. అదే ఫ్రేములో వసారా నీడలో కూర్చున్న మనిషి మొహం 10 దగ్గర ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి, ఒకదాన్ని ఒకటి మింగకుండా కనపడటమే హెచ్‌డీఆర్ గొప్పతనం. మంచి టీవీ మీద చూశాను నేను, మా తమ్ముడింట్లో. బిందె వైపు చూస్తే కళ్ళు చిట్లించాలనిపిస్తుంది, అయినా నీడలో ఉన్న చీర అంచు కూడా విడిగా కనపడుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి కాదు ఈ ఉత్తరం, అది నిజంగా అందమైన సంగతి. అయితే అదే వీడియోని 250 నిట్స్ టీవీకి ఇస్తే ఏమవుతుంది? బిందెని 250 దాటించడం దానివల్ల కాదు. మొహాన్ని 10 దగ్గరే ఉంచాలి, ఎందుకంటే అంకె అలా రాసుంది. పైగా మెరుపులకీ మిగతా బొమ్మకీ మధ్య కొంతైనా తేడా మిగల్చాలని చాలా టీవీలు మధ్యలో ఉన్న వెలుగుల్ని ఇంకాస్త కిందికి లాగుతాయి. చివరికి బిందె మెరవదు, మొహం కనపడదు. రాత్రి సీనులో మొహం ఒకటి రెండు నిట్స్ దగ్గర ఉంటే మన హాల్లో ట్యూబులైటు కింద దాని గతేంటి?

బ్యాక్‌లైట్ సంగతి ఇంకొకటి. తక్కువ ధర టీవీల్లో తెర వెనక దీపాలన్నీ ఒకేసారి పెరుగుతాయి, ఒకేసారి తగ్గుతాయి. దీపం ఉన్న మూల మాత్రమే వెలిగించి మిగతా గది చీకటిగా ఉంచాలంటే తెర వెనక వెలుగుని విడివిడి భాగాలుగా నడపగలగాలి, లేదా ఓఎల్ఈడీ లాగా ప్రతి చుక్కా తనంతట తాను వెలగాలి. మా టీవీలో రెండూ లేవు. అందుకే నల్లగా ఉండాల్సిన గోడ బూడిద రంగులో ఉంది, మొహం ఆ బూడిదలో కలిసిపోయింది. రంగులదీ ఇదే కథ: హెచ్‌డీఆర్ వీడియో 10 బిట్, అంటే ఒక్కో రంగుకి 1,024 మెట్లు వస్తాయి, 8 బిట్ ప్యానెల్ (తెర) చూపించగలిగేవి 256. సాయంత్రం ఆకాశం నారింజ నుంచి నీలంలోకి జారాల్సిన చోట చారలు చారలుగా కనపడితే కారణం చాలాసార్లు ఇదే.

నేను షాపుకి వెళ్ళాను. గొడవ పెట్టుకోవడానికి కాదు, అడగడానికి. అక్కడి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. 'మేడమ్, డబ్బా మీద హెచ్‌డీఆర్ సపోర్ట్ అని ఉంది కదా, సపోర్ట్ చేస్తోంది కదా' అన్నాడు. నిజమే. హెచ్‌డీఆర్ వీడియో పంపిస్తే ఎర్రర్ రాకుండా తీసుకుంటోంది, ఆ గుర్తు వేస్తోంది, బొమ్మ వస్తోంది. తీసుకోవడం ఒకటి, చూపించడం ఇంకొకటి అని ఆ డబ్బా మీద ఎక్కడా లేదు. 'ఈ ప్యానెల్ ఎన్ని నిట్స్ బాబూ' అని అడిగితే కంప్యూటర్లో వెతికాడు, మేనేజర్ని అడిగాడు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాడు. ఎవరి దగ్గరా లేదు. వాళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోమన్నారు. అప్‌డేట్‌తో లేని వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది?

షాపుల్లో తిప్పే డెమో వీడియోలు కూడా గమనించండి. రామచిలుకలు, కోసిన పండ్లు, నీళ్ళలో కరుగుతున్న రంగులు. అన్నీ వెలుతురు బొమ్మలే. చీకటి గదిలో దీపం పెట్టి చూపించే షాపు నాకు ఇంతవరకు కనపడలేదు. టీవీ కొనేవాళ్ళు తెలిసిన సినిమాలో ఒక రాత్రి సీను అక్కడే పెట్టించి చూడాలి, అదీ షాపు వాళ్ళు పెట్టిన కళ్ళు జిగేల్‌మనే మోడ్‌లో కాకుండా మామూలు మోడ్‌లో.

ఇక పేర్ల గందరగోళం. హెచ్‌డీఆర్10, హెచ్‌డీఆర్10 ప్లస్, డాల్బీ విజన్, హెచ్ఎల్‌జీ, ఇవన్నీ హెచ్‌డీఆర్‌లో రకాలే. 2015లో వచ్చిన హెచ్‌డీఆర్10 అందరూ వాడుకునేది, సినిమా మొత్తానికి కలిపి ఒకే చీటీ రాసిస్తుంది: ఇందులో అత్యంత వెలుగు ఇంత అని. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ సీను సీనుకీ చీటీ రాసిస్తాయి, అందుకని వెలుగు తక్కువ ఉన్న టీవీలకి ఇవి కొంత మేలు చేస్తాయి. డాల్బీ విజన్‌కి టీవీ కంపెనీలు లైసెన్సు డబ్బు కట్టాలి. శాంసంగ్ టీవీల్లో అది ఉండదు, వాళ్ళు 2017లో అమెజాన్‌తో కలిసి హెచ్‌డీఆర్10 ప్లస్ మొదలుపెట్టారు. నెట్‌ఫ్లిక్స్ ఏళ్ళ తరబడి డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 మాత్రమే ఇచ్చి 2025 మార్చిలో గానీ హెచ్‌డీఆర్10 ప్లస్ చేర్చలేదు. హెచ్ఎల్‌జీ బ్రిటన్ బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి టీవీ ప్రసారాల కోసం చేసింది. మన టీవీలో ఒకటి లేకపోతే వీడియో ఆగిపోదు, యాప్ సాధారణంగా హెచ్‌డీఆర్10 పంపిస్తుంది. కాబట్టి ఏ పేరు లేదని భయపడాల్సిన పని లేదు. పేర్లు నాలుగూ ఉన్నా వెలుగు లేకపోతే ఆ చీటీలు పెద్దగా అక్కరకి రావు.

దీనికి పూర్తి ఎదురు కథ మా స్టాఫ్ రూములోనే ఉంది. మా సైన్స్ మేడమ్ వాళ్ళు మా కన్నా మూడింతలు పెట్టి నిజంగా మంచి టీవీ కొన్నారు. ఏడాది పాటు దాంట్లో హెచ్‌డీఆర్ ఒక్కసారి కూడా రాలేదు, రాలేదని వాళ్ళకి తెలియను కూడా తెలియదు. నేను ఇవన్నీ చదివాక ఓ ఆదివారం వెళ్ళి చూశాను. వాళ్ళ నెట్‌ఫ్లిక్స్ ప్లాను స్టాండర్డ్. 4కే, హెచ్‌డీఆర్ ఇచ్చేది ప్రీమియంలోనే, 2021 డిసెంబరులో రేట్లు తగ్గించినప్పుడు అది నెలకి 649 అయింది. ప్లాను మార్చారు, అయినా రాలేదు. ఓటీటీ యాప్‌ల కోసం టీవీకి గుచ్చుకునే చిన్న స్టిక్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుకి టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ సిగ్నల్ పూర్తిగా తీసుకునే ఫార్మాట్ ఆన్ చేయాలి, అది ఆఫ్‌లో ఉంది. అదీ చేశాక ఆ గుర్తు వచ్చింది, వాళ్ళ అమ్మాయి ఒక్కసారిగా 'అమ్మా, మంటలు చూడు' అంది. ప్లాను, నెట్ వేగం, యాప్, స్టిక్, కేబులు, పోర్టు, సెట్టింగు, చివరికి ప్యానెల్: ఇందులో ఒక్కటి తెగినా హెచ్‌డీఆర్ చెప్పకుండా పోతుంది. మామూలు మనిషి ఇంత గొలుసు ఎలా పట్టుకుంటాడు?

మా ఇంట్లో మెకానిక్ గారు ముందు విద్యుత్ ఆదా మోడ్ తీసేశారు, అది కంపెనీ నుంచే ఆన్‌లో వస్తుందట, వెలుగుని ఇంకా తగ్గిస్తుంది. హెచ్‌డీఆర్ వీడియో నడుస్తుండగానే బ్యాక్‌లైట్ చివరిదాకా పెంచారు, ఎందుకంటే చాలా టీవీల్లో మామూలు వీడియోకి పెట్టిన సెట్టింగులు హెచ్‌డీఆర్‌కి పనిచేయవు, దానికి విడిగా పెట్టుకోవాలి. కొంచెం మెరుగైంది, సరిపోలేదు. చివరికి మేం ఓటీటీ చూసే స్టిక్‌లో డైనమిక్ రేంజ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి హెచ్‌డీఆర్ పూర్తిగా ఆపేశారు. ముసలావిడ మొహం కనపడింది. మాలాగా ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఈ పని చేసి చూడండి. టీవీలోనే ఉన్న యాప్‌లో అయితే ఇలా ఆపే వీలు చాలాసార్లు ఉండదు.

అంటే ఏం చూసి కొన్నామో దాన్ని ఆపితే గానీ బొమ్మ కనపడలేదు. తక్కువ ధర టీవీ అమ్మడం తప్పని నేను అనను. మా స్తోమతకి అదే సరిపోయింది, కేబుల్‌కి, మామూలు వీడియోకి అది చక్కని టీవీయే. దాని మీద ఆ ఒక్క మాట రాయడమే తప్పు.

ఫ్రిజ్ కొంటే, ఏసీ కొంటే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో బీఈఈ (కేంద్రం వారి విద్యుత్ పొదుపు సంస్థ) లేబుల్ మీద అంకెలతో సహా ఉంటుంది. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారీదారు చిరునామా, ఏ దేశం నుంచి వచ్చిందీ ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద 2011 రూల్స్ ఉన్నాయి. టీవీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది భద్రతకి సంబంధించింది, బొమ్మకి కాదు. తెర ఎంత వెలుగుతుందన్న ఒక్క అంకె మాత్రం ఎక్కడా అక్కర్లేదా? కొలవడం కష్టమనడానికి లేదు. 2016 జనవరిలోనే టీవీ కంపెనీలూ స్టూడియోలూ కలిసిన యూహెచ్‌డీ అలయన్స్ ఒక గీత గీసింది: ఎల్‌సీడీ అయితే కనీసం 1,000 నిట్స్, ఓఎల్ఈడీ అయితే 540, నలుపు ఎంత నల్లగా ఉండాలో కూడా చెప్పింది. 2017 డిసెంబరులో కంప్యూటర్ మానిటర్లకి వెసా (VESA) అనే సంస్థ డిస్‌ప్లే హెచ్‌డీఆర్ అని మెట్లు పెట్టింది, అందులో అన్నిటికన్నా కింది మెట్టే 400 నిట్స్. ఇవి ఇష్టమున్న కంపెనీలు తీసుకునేవి, బలవంతం లేదు. యూరప్‌లో 2021 మార్చి నుంచి టీవీల ఎనర్జీ లేబుల్ మీద మామూలు వీడియోకి ఒక గ్రేడు, హెచ్‌డీఆర్‌కి వేరే గ్రేడు వేస్తున్నారు, అంటే ఆ రెండూ వేరువేరని అక్కడి ప్రభుత్వాలు ఒప్పుకున్నట్టే.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. హెచ్‌డీఆర్ అని రాసిన ప్రతి డబ్బా మీద అదే సైజు అక్షరాల్లో ఆ టీవీ హెచ్‌డీఆర్‌లో గరిష్ఠంగా ఎన్ని నిట్స్ ఇస్తుందో, ప్యానెల్ ఎన్ని బిట్లో, వెనక దీపాలు విడివిడిగా వెలుగుతాయో లేదో రాయాలి. ఆన్‌లైన్ షాపింగ్ పేజీలో కూడా అవే ఉండాలి. ఒక హద్దు కంటే తక్కువ వెలుగున్న టీవీ మీద హెచ్‌డీఆర్ అనే మాట వాడకూడదు, 'హెచ్‌డీఆర్ వీడియోలు మామూలుగా ఆడతాయి' అని తెలుగులోనో హిందీలోనో రాసుకోమనండి, ఎవరూ తప్పు పట్టరు. వినియోగదారుల వ్యవహారాల శాఖ, బీఐఎస్ తలచుకుంటే అయ్యే పని ఇది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి ఉంది, 1915 హెల్ప్‌లైన్ ఉంది. నేను ఫిర్యాదు చేశాను. ఇలాంటి అనుభవం ఉన్నవాళ్ళు చెయ్యండి, ఒక్కరు చేస్తే సెట్టింగ్స్ సమస్య అంటారు, వెయ్యి మంది చేస్తే స్టిక్కరు సంగతి చూస్తారు.

మీకు కూడా ఒక మాట చెప్పాలి ఎడిటర్ గారూ. పండగల ముందు మీ పేపర్లో టీవీల ఫుల్ పేజీ ప్రకటనలు వస్తాయి. అందులో హెచ్‌డీఆర్ అనే అక్షరాలు కంపెనీ పేరంత పెద్దగా ఉంటాయి. వాళ్ళని నిట్స్ ఎంతో రాసి ఇమ్మని మీ ప్రకటనల విభాగం వాళ్ళు అడగలేరా? అదే వారంలో మీ టెక్నాలజీ పేజీలో ఈ లెక్కంతా తెలుగులో వివరంగా ఒక్కసారి వేస్తే మా నాన్న లాంటి పెద్దవాళ్ళు కళ్ళ డాక్టరు దగ్గర లైన్లో కూర్చోకుండా ఉంటారు.

ఆయన ఆ సిరీస్ మళ్ళీ మొదటి ఎపిసోడ్ నుంచి చూస్తున్నారు. ట్యూబులైటు వేసే ఉంటోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం